కొమ్ములున్నవారి ఓటు

ఒక పెద్ద అడవిలో అన్నీ పెద్దవే, సభ నడిపేవాళ్ళ బుద్ధి తప్ప.

ఆ సభలో కొమ్ములున్నవారికే ఓటు. అంటే మగ దుప్పులకే అన్నమాట.

ఎండాకాలంలో అడవికంతటికీ ఒకటే మడుగు. ముందు మగ దుప్పులు తాగాలి, తర్వాత వాటి స్నేహితులు తాగాలి. పిల్లతల్లుల వంతు వచ్చేసరికి బురద మిగిలేది. కిందటేడు నూకాలు అనే ఆడదుప్పి పిల్ల ఆ బురద తాగే చచ్చిపోయింది. ఇకమీదట పిల్లతల్లులే ముందు తాగాలని నూకాలు సభకు అర్జీ పెట్టింది. ఆడదుప్పులన్నీ దానిమీద గిట్టల ముద్రలు వేశాయి.

అధ్యక్షుడు గంభీరయ్య దుప్పి అర్జీ చదివి చాలా బాధపడ్డాడు. బాధపడటం ఆయనకు బాగా వచ్చు.

"మీ తరఫున మీ మగవాళ్ళు ఓటేస్తూనే ఉన్నారు కదమ్మా. ఈ తలనొప్పులు నీకెందుకు?" అన్నాడు.

"మా తరఫున నీళ్ళు కూడా వాళ్ళే తాగేస్తున్నారు బాబూ," అంది నూకాలు.

ఓటింగు రోజున ఆమె ఎక్కడో రాలిపడిన దుప్పికొమ్ము ఒకటి కరుచుకొచ్చి వరుసలో నిలబడింది. దాన్ని కిందపెట్టి, నాకూ కొమ్ముందంది. సభంతా గగ్గోలు. కార్యదర్శి కొండముచ్చు ఓటింగు ఆపించి, అక్కడికక్కడే నియమం సవరించాడు. ఓటేసే రోజున కొమ్ములు తలమీద మొలిచి ఉండాలి, ఎవరికీ మినహాయింపు లేదు. గంభీరయ్య దాన్ని రెండుసార్లు చదివించుకుని మురిసిపోయాడు.

ఆపైన నూకాలే విసిగిపోతుందని వాయిదాలు మొదలుపెట్టారు. మాఘంలో ఒకటి, ఫాల్గుణంలో ఒకటి, ఉపసంఘం నివేదిక రాలేదని మరొకటి. ఉపసంఘమంటే గంభీరయ్యా, ఆయన బావమరిదీ. నూకాలు ప్రతి వాయిదాకీ వచ్చి ముందు వరుసలో కూర్చుంది. కడుపులో ఇంకో పిల్ల ఉంది, విసుగెక్కడిది?

చివరికి చైత్రంలో తేదీ ఖాయమైంది. ఏటా ఆ రోజుల్లోనే మగ దుప్పుల కొమ్ములు రాలిపోతాయి, కొత్తవి మొలిచేదాకా పొదల్లో దాక్కోవడం వాటి అలవాటు. ఓటింగు రోజున అన్నీ తలలు దించుకుని వచ్చాయి. గంభీరయ్య బోడితలకి తీగలు చుట్టుకొచ్చాడు.

కొండముచ్చు నియమం చదివి, ఆయన్ని పక్కకు జరగమన్నాడు.

"నా కొమ్ములు ఎంతటివో నీకు తెలీదుటయ్యా?"

"తెలుసండి. రాలిపోయాయనీ తెలుసు."

ఈలోగా నూకాలు కొండమీది నుంచి ముసలి అడవిగేదెను పిలుచుకొచ్చింది. ఆ జాతిలో ఆడవాళ్ళకీ కొమ్ములుంటాయి, ఏడాది పొడుగునా ఉంటాయి. వాళ్ళెప్పుడూ సభకు రాకపోవడంతో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. గేదె నింపాదిగా నడిచొచ్చి ఒక్క ఓటు వేసింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆ ఎండాకాలం నూకాలు కొత్త పిల్ల తేటనీళ్ళు తాగింది. తల్లి పక్కనే నిలబడి, అది కడుపునిండా తాగేదాకా చూసి ఏడ్చింది.

ఓటింగు జరిగిన వారం తిరక్కుండానే గంభీరయ్యే సభలో లేచి, కొమ్ములతో పనిలేకుండా అందరికీ ఓటు ఉండాలని గంటసేపు ఉపన్యసించాడు. నూకాలు కాదనలేదు.

నీతి: న్యాయాన్ని వాయిదా వేయదలచినవారు ముందుగా పంచాంగం చూసుకోవాలి.