పదిహేడో స్లాటులో మంత్రిగారి కారు

ఇవాళ్టి నుంచి ఈ నగరంలో ఏ పౌరుడూ పార్కింగు కోసం చిల్లర వెతుక్కుంటూ జేబులు తడుముకోనక్కర్లేదని రవాణా మంత్రిగారు ప్రకటించారు. జేబులు తడిమే పని ఇక యాప్ చూసుకుంటుందని కూడా అన్నారు. ఆ వాక్యం ఉపన్యాసం రాసిచ్చినవారి పొరపాటో, నిజాయితీయో తెలియదు గాని చప్పట్లు మాత్రం బాగా మోగాయి.

ప్రభుత్వ కార్యాలయాల భవనం పక్కనున్న ఖాళీ స్థలాన్ని ఒక ప్రైవేటు కంపెనీకి ముప్ఫై ఏళ్లకు అప్పగించి, దాని మీద తెల్లగీతలు గీయించడం మంత్రిగారి హయాంలో పూర్తయిన ఏకైక నిర్మాణం. రిబ్బను కత్తిరించాక యాప్‌లో మొట్టమొదటి వాహనంగా ఆయన కారు నంబరే ఎక్కించారు. మంత్రిగారు స్వయంగా ఫోను నొక్కారు. ఫోను పీఏ గారిది, వేలు మాత్రం మంత్రిగారిదే. ప్రారంభోత్సవం కాబట్టి డబ్బు ఎవరిదీ కాదు.

ఈ ఘట్టం జరిగిన రెండు నెలలకి, ఒక మంగళవారం ఉదయం పది గంటలకు, ఆల్టరేషన్ అక్క తన పాత వ్యాను తెచ్చి పదిహేడో స్లాటులో పెట్టింది.

ఆమె దుకాణం ఆ వ్యానే. వెనక తలుపు తెరిస్తే కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, దారపు రీళ్ల అర. పొడుగువి పొట్టి చేస్తుంది, బిగుతువి వదులు చేస్తుంది. పదవి పెరిగేకొద్దీ నడుము దగ్గర కుట్లు విప్పించుకోవడం ఉద్యోగుల అలవాటు కాబట్టి, ఆ భవనంలో ఎవరికి ప్రమోషన్ వచ్చిందో నోటీసు బోర్డు కంటే ముందు ఆమెకే తెలుస్తుంది. ఆ రోజు గార్డుల యూనిఫారాలు లోపల ఇచ్చేసి, అటునుంచి వంతెనల కాంట్రాక్టరు గారింటికి పోవాలి. వాళ్ల హాలు కర్టెన్లు నేల మీద ఈడుస్తున్నాయని సోమవారమే విప్పి తెచ్చింది. పద్నాలుగు కర్టెన్లూ అంచులు కుట్టి, మడతలు పెట్టి వ్యానులో ఉన్నాయి. ఇవి నచ్చితే మేడ మీది ఇరవై కిటికీల పని కూడా ఆమెకే ఇస్తామన్నారు. ఏడాదికి సరిపడే పని అది.

ఫోనులో తన బండి నంబరు కొట్టి, మూడు గంటలకి అరవై కట్టింది. ఫోనులో చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగి, “ధన్యవాదాలు” అంది. బ్యాంకులోంచి అరవై పోయినట్టు కూడా వెంటనే మెసేజ్ వచ్చింది. ఆ ఒక్క విషయంలో ఎప్పుడూ ఏ పొరపాటూ జరగదు.

తిరిగి వచ్చేసరికి ముందు చక్రానికి పసుపు పచ్చని ఇనప తాళం బిగించి ఉంది. పక్కన గార్డు నిలబడి ఉన్నాడు.

“ఏం తమ్ముడూ, ఏంటిది?”

“వీల్ లాక్ అక్కా.”

“అది కనపడుతూనే ఉంది. నా బండికి ఎందుకుందంట?”

“డబ్బు కట్టలేదు కదక్కా.”

“కట్టాను. ఇదిగో మెసేజ్.”

గార్డు తన చేతిలోని మిషను వైపు చూశాడు. “ఇందులో కట్టనట్టుంది. కట్టనట్టుంటే తాళం వెయ్యాలి, రోజుకి రెండు వేలు రాయాలి. నువ్వు కుట్టిన ప్యాంటు వేసుకుని నీ బండికే తాళం వెయ్యాలంటే మనసొప్పలేదక్కా. అందుకే మెల్లగా వేశాను.”

“నడుము దగ్గర సరిపోయిందా?”

“భలే సరిపోయింది. వంగి తాళం బిగించినా పట్టెయ్యలేదు.”

తన పనితనానికి ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదనుకుని, ఆమె కంపెనీ ఆఫీసుకి నడిచింది.

వినియోగదారుల సంతోష విభాగం సెల్లారులో ఉంది. కూర్చోవడానికి మూడు కుర్చీలు, నిలబడటానికి పొడవాటి వరండా ఏర్పాటు చేశారు. రెండు గంటలు నిలబడ్డాక అధికారిణి పిలిచి, కంప్యూటరు చూసి చిరునవ్వు నవ్వింది.

“మీ డబ్బు అందిందమ్మా. పదిహేడో స్లాటు, మంగళవారం, పది నుంచి ఒంటిగంట దాకా. అరవై.”

“హమ్మయ్య. తాళం తీయించండి మరి.”

“కాని మీ బండికి కాదు. మంత్రిగారి కారుకి.”

“ఆయన కారుకి నేనెందుకు కడతాను?”

“మీరు కట్టలేదమ్మా, యాప్ కట్టింది. సిగ్నల్ సరిగా లేకపోతే యాప్ తడబడుతుంది. తడబడినప్పుడు తన దగ్గరున్న మొదటి బండి పేరున రాసేస్తుంది. బెదిరిన పిల్ల తల్లి కొంగు పట్టుకోదూ? అలాగ.”

“సరే, ఇప్పుడు మార్చండి.”

“మార్చాలంటే యాప్ తప్పు చేసిందని రాయాలి. అలా రాయడానికి ఫారంలో చోటు లేదు. ‘వినియోగదారు తప్పు’ అని ఒకటుంది, ‘ప్రకృతి వైపరీత్యం’ అని ఒకటుంది. ఏది పెట్టమంటారు?”

ఆల్టరేషన్ అక్క కాసేపు ఆలోచించి ప్రకృతి వైపరీత్యం పెట్టమంది. పద్నాలుగు పనిదినాల్లో జవాబు వస్తుందని చెప్పి, తమకి ఎంత సంతోషం కలిగిందో అయిదు నక్షత్రాల్లో తెలపమంది అధికారిణి.

తాళంతో పాటు వ్యానుకి అంటించిన నోటీసు వెనక చిన్న అక్షరాల్లో ఇంకో నియమం ఉంది. తాళం పడిన బండిలోని సామాను బయటికి తీసుకుపోకూడదు. దాన్ని ఆమె కూడబలుక్కుని రెండుసార్లు చదివి, గార్డుని అడిగింది.

“లోపల కూర్చుని కుట్టుకోవచ్చా?”

“కుట్టుకోవడం గురించి రాయలేదక్కా.”

“కుట్టినవి ఇవ్వొచ్చా?”

గార్డు నోటీసు ఇటూ అటూ తిప్పి చూశాడు. “చేత్తో పట్టుకుపోతే సామాను. ఒంటి మీద వేసుకుపోతే కాదు.”

అప్పటి నుంచి పదిహేడో స్లాటు కళకళలాడింది. ఉద్యోగులు వ్యాను పక్కకెళ్లి, సరిచేసిన చొక్కాలు తొడుక్కుని వెళ్లేవారు. కర్టెన్లు మాత్రం ఎవరూ తొడుక్కోలేరు కాబట్టి అక్కడే ఉండిపోయాయి. కాంట్రాక్టరు గారి భార్య రోజూ ఫోను చేసేది.

“ఏమమ్మా, ఇంకా ఎన్నాళ్లు? హాలంతా బోసిగా ఉంది. రోడ్డు మీద పోయే ప్రతివాడూ ఆగి మరీ లోపలికి చూస్తున్నాడు. వచ్చేది కాక ఆపై మంగళవారం లోపల తెచ్చి కట్టకపోతే మేడ మీది పని ఇంకొకరికి ఇచ్చేస్తాను, ఆ తర్వాత నన్ననుకోవద్దు.”

ఇదిలా ఉండగా కంపెనీ తన లెక్కలు పత్రికలకు విడుదల చేసింది. రెండు నెలల్లో అత్యధికసార్లు పార్కింగు రుసుము కట్టిన పౌరుడు సాక్షాత్తూ మంత్రిగారే. పదకొండు వందల నలభై సార్లు కట్టారు. ఒకరోజైతే ఒకే గంటలో తొమ్మిది స్లాట్లలో ఆయన కారు నిలిచింది. అదెలా సాధ్యమని విలేకరి అడిగితే, “పనిచేసేవాడికి ఒక చోటు చాలదు” అన్నారు మంత్రిగారు. ఆయనకి ‘ఆదర్శ చెల్లింపుదారు’ బిరుదిచ్చి శాలువా కప్పారు. ఆయన వినయంగా స్వీకరించారు. వద్దంటే యాప్ బాధపడుతుందని ఆయన ఉద్దేశం కావచ్చు.

ఆ వారంలోనే ప్రతిపక్షం వాళ్లు సభలో ఒక ఫొటో చూపించారు. కిందటి మంగళవారం పదకొండు గంటలకు, కొత్త వంతెన టెండరు తెరవడానికి సరిగ్గా గంట ముందు, ఆ కాంట్రాక్టరు గారి హాల్లో సోఫా మీద ఎవరో కూర్చున్నారు. కర్టెన్లు లేని కిటికీలోంచి రోడ్డు మీద నుంచే తీశారు. మంత్రిగారిలాంటి వీపు, మంత్రిగారిలాంటి మెడ. వాకిట్లో ఆయన కారు కూడా చూశామన్నారు.

మంత్రిగారు తొణకలేదు. జేబులోంచి ఒక కాగితం తీశారు.

“కారు లేనిదే నేను అడుగు బయట పెట్టనని దేశమంతా ఎరుగును. ఆ రోజు పది నుంచి ఒంటిగంట దాకా నా కారు పదిహేడో స్లాటులో ఉంది. ఇదిగో రసీదు. అరవై.”

ఆయన పక్షం వాళ్లు బల్లలు చరిచారు. నిజం తేల్చడానికి రిటైర్డు జడ్జిగారితో విచారణ కమిషన్ వేశారు.

వ్యానులో కూర్చుని గుండీలు కుడుతూ ఆల్టరేషన్ అక్క ఈ వార్తంతా ఫోనులో చూసింది. మంత్రిగారి చేతిలోని కాగితాన్ని పెద్దది చేసి చూసుకుంది. పదిహేడో స్లాటు. పది గంటలు. అరవై. ఆమె నోట్లో పెట్టుకున్న సూది తీసి దిండుకి గుచ్చింది.

మర్నాడు పొద్దున్నే పీఏ గారు దిగారు.

“అరవై గురించి ఫిర్యాదు పెట్టింది మీరేనా అమ్మా?”

“నేనే. ఏం సార్, నడుము వదులు చెయ్యాలా?”

“నడుము సంగతి తర్వాత. మీ జరిమానా పదహారు వేలయింది. మొత్తం రద్దు చేయిస్తాను. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి.”

“మరి నా అరవై?”

“అది మంత్రిగారిది కదమ్మా. సభలో చూపించేశారు కూడా. ఇప్పుడది దేశం సొత్తు.”

“దేశం సొత్తు దేశాన్నే ఉంచుకోమనండి. నా బండి తాళం తీయించండి, సంతకం పెడతాను.”

పీఏ గారు మాట మీద నిలబడే మనిషి. గంటలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ‘సదరు మంగళవారం పదిహేడో స్లాటులో మంత్రిగారి కారు తప్ప మరే వాహనమూ లేదని నిర్ధారించడమైనది. కావున తమ వాహనం అక్కడ లేదు. కావున జరిమానా లేదు.’ ఆమె దాన్ని గార్డుకి చూపించింది.

“తీయి తమ్ముడూ.”

“లేని బండికి తాళం ఎలా తీస్తానక్కా?”

“వేసినప్పుడు ఉందిగా?”

“వేసినప్పుడు ఉంది. ఉత్తరం ఇవాళ వచ్చింది.” గార్డు నిజంగానే నొచ్చుకున్నాడు. “తాళం తియ్యాలంటే కోడ్ కావాలి. ఆ స్లాటులో ఎవరి బండి ఉంటే వాళ్ల ఫోనుకే వస్తుంది. అంటే ఈ సారు ఫోనుకి.”

ఆమె పీఏ గారి వైపు చూసింది. ఆయన ఫోను లోపలి జేబులోకి తోసేశారు.

“కోడ్ కొడితే మంత్రిగారి కారుకి తాళం పడినట్టు రికార్డవుతుందమ్మా. ఆదర్శ చెల్లింపుదారు కారుకి తాళమా? ఎంత అప్రతిష్ఠ!”

శుక్రవారం కమిషన్ వారు స్థల పరిశీలనకి వస్తున్నారని తెలిసింది. వాళ్లకంటే ముందే పీఏ గారు వచ్చారు. చంకలో పేపరు చుట్టిన పలక, చేతిలో స్క్రూడ్రైవరు.

“ఒక్క గంట ఓపిక పట్టండమ్మా. మీ నంబరు ప్లేటు తీసి ఇది బిగిస్తాను.”

“దాంతో తాళం ఊడుతుందా?”

“ఊడదు.”

“మరి నాకేంటి లాభం?”

“దేశసేవ.”

ఆయన స్క్రూడ్రైవరు మరీ లావుగా ఉండి మరలో దిగడం లేదు. ఆ అవస్థ చూడలేక ఆమె కుట్టుమిషను పెట్టెలోంచి తనది తీసి ఇచ్చింది.

జడ్జిగారు పదింటికి వచ్చారు. కళ్లజోడు సర్దుకుని, ప్లేటు మీది అంకెలు ఒక్కొక్కటే చదివి కాగితంతో పోల్చుకున్నారు.

“సరిపోయింది. మంత్రిగారి కారు చెప్పిన చోటే ఉంది.”

“అయ్యా, ఇది వ్యాను” అన్నాడు ప్రతిపక్షం తరఫు లాయరు.

“నంబరు పరిశీలించమని రాసిచ్చారు. ఆకారం నా పరిధిలో లేదు.” ఆయన వెనక్కి వెళ్లి లోపలికి తొంగి చూశారు. “కుట్టుమిషను ఎందుకుంది?”

“మంత్రిగారు నిరాడంబరులండి” అన్నారు పీఏ గారు.

జడ్జిగారు అది రాసుకున్నారు. “చక్రానికి ఈ పసుపు పచ్చటిది?”

“భద్రత కోసమండి.”

“తీయించండి. కారు కదులుతుందో లేదో చూడాలి. కదలనిదైతే కాంట్రాక్టరు ఇంటికి వెళ్లలేకపోయిందని రాస్తాను. కదిలేదైతే, వెళ్లగలిగీ వెళ్లలేదని రాస్తాను. రెండో వాక్యమే మంత్రిగారికి గౌరవం.”

పీఏ గారు నుదురు తుడుచుకుని, లోపలి జేబులోంచి ఫోను తీసి కోడ్ చెప్పారు. గార్డు వంగాడు. ప్యాంటు ఈసారీ పట్టెయ్యలేదు. తాళం ఠంగుమని నేల మీద పడింది.

“డ్రైవరెవరు?”

ఆల్టరేషన్ అక్క చెయ్యెత్తింది. ఎక్కింది, తాళం తిప్పింది, తెల్లగీత దాటింది. గేటు దగ్గరి కెమెరా నంబరు చూసి, అడ్డుకర్రని దానంతటదే పైకి లేపింది. గార్డు సెల్యూట్ కొట్టాడు. ఆమె బండి వెనక్కి తిప్పలేదు. పీఏ గారు ఆగమ్మా ఆగమ్మా అంటూ కొంతదూరం పరిగెత్తారు. ‘కదిలినది’ అని కమిషన్ రాసుకుంది.

దారిలో రెండు కూడళ్ల దగ్గర ట్రాఫిక్ వాళ్లు మిగతా బండ్లని ఆపి ఆమెకి దారిచ్చారు. పావుగంటలో కాంట్రాక్టరు గారింటికి చేరింది. ఆమె హారను కొట్టకముందే వాచ్‌మన్ ప్లేటు చూసి రెండు గేట్లూ బార్లా తెరిచాడు. ఒంగి దణ్ణం పెట్టి, వెనక సీటు ఉండాల్సిన చోట చూశాడు.

“అయ్యగారు రాలేదా?” అన్నాడు. అంతలోనే తల తట్టుకున్నాడు. “అవునవును, ఇవాళ మంగళవారం కాదు కదూ.”

ఆల్టరేషన్ అక్క ఇంజను ఆపి, కాసేపు అతన్ని, అతని వెనకాల బోసిగా ఉన్న పద్నాలుగు కిటికీల్ని చూసింది. తర్వాత దిగి, వ్యాను తలుపు తెరిచి, పైనున్న కర్టెను ఒకటి తీసి కిటికీ పక్కన పట్టి చూసింది. అంచు నేలకి సరిగ్గా వేలెడు ఎత్తులో ఉంది.

“ఇంకా కొంచెం పొడుగున్నాయి తమ్ముడూ” అంది, దాన్ని మళ్లీ మడత పెడుతూ. “సరిచేసి బుధవారం తెస్తానని అమ్మగారికి చెప్పు.”