కాదనలేని కనుబొమలు

ఫోన్ పెట్టేసి యారా వంటింట్లో రెండు చుట్లు గిర్రున తిరిగింది. పెళ్ళికొడుకు తల్లి విదాద్ ఈ సాయంత్రమే జహ్లే నుంచి వస్తోంది, పెళ్ళి మాటలు ఖాయం చేయడానికి.

"అమ్మా, మా కాపురం ఇక్కడే బీరూట్‌లో, నీ ఎదురు వీధిలోనే. ఆ ఒక్క మాట మీద నువ్వు గట్టిగా నిలబడితే చాలు."

తల్లి నజ్లా ముఖంలో ఏ భావమూ లేదు. ఉండే వీల్లేదు. పెళ్ళి ఫొటోల కోసమని పది రోజుల క్రితం నుదుటికి ముడతలు పోయే బొటాక్స్ సూదులు వేయించుకుంది. నిన్న జారిన బుగ్గలను దారాలతో పైకి లాగించుకుంది. కత్తి లేదు, కోత లేదు. కాకపోతే మూడు రోజులు మాట్లాడకూడదు, నవ్వకూడదు, తల ఊపకూడదు, నాలుక చప్పరించకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"కాదనడానికి నువ్వెప్పుడు నోరు వాడావులే. మన వైపు కనుబొమలెగరేస్తే కాదనేగా. నువ్వు ఒక్కసారి ఎగరేస్తే నాన్న సిగరెట్లే మానేశాడు," అంది యారా.

సాయంత్రం నజ్లా రెండు చేతులా కాఫీ ట్రే పట్టుకుని ఎదురెళ్ళింది.

"వదినగారూ, పెళ్ళి మా జహ్లేలోనే చేద్దామా?" అంది విదాద్.

నజ్లా కనుబొమలు ఎగరేసింది. అంటే, ఎగరేశాననుకుంది. అవి పది రోజులుగా సెలవులో ఉన్నాయి.

"కాదనలేదు," అంది విదాద్ నెమ్మదిగా. "మరి ఆరు వందల మందిని పిలుద్దామా?"

ఈసారి నజ్లా చెవులు కదిలాయి. కనుబొమలు కదల్లేదు.

"పిల్లలు మా ఇంటి పై అంతస్తులో ఉంటారు. ఇష్టమే... కదా?"

ట్రేలో కప్పులు గలగలలాడాయి.

"పాపం, ఆనందం పట్టలేకపోతున్నారు," అని గొణిగింది విదాద్.

వంటింటి గుమ్మంలో యారా కళ్ళనిండా నీళ్ళు. అవి చూసి నజ్లా బుగ్గల సంగతే మరిచిపోయింది.

"కాదు, కాదు, కాదు."

మూడో కాదుకి ఎడమ బుగ్గలో ఏదో టప్పుమంది. విదాద్ ముఖం మాత్రం చలించలేదు. ఇక పెళ్ళి లేనట్టేనని యారా గుమ్మానికి ఆనుకుంది.

"హమ్మయ్య," అంది విదాద్. "మర్యాదకి అడిగాను వదినా, మీరెలాగూ కాదంటారని. ఆ పై అంతస్తు మొన్ననే మా చెల్లెలికిచ్చేశాను. ఇందాకటి నుంచి నాకు గుండె దడ. నా ముఖం చూసైనా తెలియలేదా?"

"లేదు."

"ఎలా తెలుస్తుందిలెండి. పోయిన వారమే నేనూ సూదులు వేయించుకున్నాను."

నజ్లా బుగ్గను అరచేత్తో పైకి పట్టుకుంది. "రేపు పదింటికి ఇది చూపించుకోవడానికి క్లినిక్‌కి వెళ్తాను. మీరూ రండి. పెళ్ళి తేదీ అక్కడే ఖాయం చేద్దాం."

"నేనూ వస్తాను," అంది యారా కళ్ళు తుడుచుకుంటూ. "కనుబొమలు కదిలే మనిషి ఒక్కరైనా ఉండాలిగా."