కృష్ణ పదార్థ దర్శనం

2003లో ఒక శుక్రవారం ఉదయం చిత్తూరు డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరరు ఏకాంబరం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దంలో తనకు తానే నమస్కారం పెట్టి చూసుకున్నాడు. పదింటికి అతని ఉపన్యాసం. వినడానికి తిరుపతి నుంచి ప్రొఫెసర్ అమర్‌నాథ్ వస్తున్నాడు. ఆయన మెచ్చితే పరిశోధన సీటు ఖాయం. హాలు నిండుగా కనిపించాలని ఏకాంబరం బస్టాండు దాకా కరపత్రాలు పంచాడు: ‘గురుత్వ లెన్సులతో కృష్ణ పదార్థ దర్శనం. అంతా ఉచితం.’

"ఎవురికి అర్థమవుతాది ఇది?" అంది భార్య జ్ఞానాంబ.

"డార్క్ మ్యాటర్‌ను తెలుగులో అట్లే అంటారు. తెలుగోళ్లకి తెలుగు అర్థం కాదా?"

అర్థమైంది. తొమ్మిదిన్నరకే హాలు కిక్కిరిసింది. ముందు వరసల్లో స్టీలు క్యారియర్లతో భక్తులు, వెనక వరసల్లో కంటి శుక్లాలవాళ్లు. తన శాస్త్రానికి ఇంత ఆదరణా అని ఏకాంబరం పొంగిపోయాడు. ప్రొఫెసర్ ఇంకా రాకపోయినా మొదలుపెట్టేశాడు.

"కృష్ణ పదార్థం కనపడదు. కానీ వెనకుండే గెలాక్సీల వెలుగును రవ్వంత వంచుతుంది. ఒకదాన్ని చూస్తే ఆ వంకర తెలీదు. వేలల్లో కలిపి చూస్తేనే తెలుస్తుంది. దీన్నే వీక్ లెన్సింగ్ అంటారు."

"పదార్థం యాడుండాది సామీ?" క్యారియరు మూత తీసింది అలివేలమ్మ అనే ముసలామె.

"అంతటా ఉందమ్మా. ఈ హాల్లో కూడా."

"మాకు పెట్టలేదే! ముందొచ్చినోళ్లకే పెట్టేసినారా?"

"మా లెన్సులు యాడప్పా?" వెనక నుంచి సుబ్రమణ్యం అనే రైతు లేచాడు.

"అవి కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటాయి."

"అంత దూరం ముసలోళ్లు యెట్ల పోవాల? దగ్గర్లో క్యాంపు పెట్టకూడదా?"

కుర్చీలు లేచాయి. ప్రిన్సిపాల్ హడలిపోయి హోటల్ నుంచి గంగాళాలతో పులిహోర, పక్క వీధి నుంచి కంటి డాక్టరును తెప్పించాడు. డాక్టరు ఏకాంబరం సమీకరణాలు తుడిచేసి బోర్డుకు అక్షరాల అట్ట తగిలించాడు.

పూతలపట్టు దగ్గర కారు చెడిపోయి ఆలస్యమైన ప్రొఫెసర్ సరిగ్గా అప్పుడే అడుగుపెట్టాడు. ఏకాంబరం బోర్డుకు అడ్డం నిలబడ్డాడు. ప్రొఫెసర్ జనాన్ని చూసి నోరు తెరిచి, గుమ్మం దగ్గరున్న అలివేలమ్మను అడిగాడు: "ఏం విన్నావమ్మా?"

ఆమె నోట్లో ముద్ద మింగింది. "కనపడనిది ఉండాదో లేదో ఒకర్ని సూస్తే తెలీదంట నాయనా. వేలమందిని కలిపి సూడాలంట."

ప్రొఫెసర్ ఏకాంబరాన్ని కౌగిలించుకున్నాడు. "మీలాంటివాడు పరిశోధన అంటూ గదిలో కూర్చుంటే దేశానికి నష్టం! జిల్లా అంతా తిరిగి చెప్పండి. ఇవాళే సిఫారసు చేస్తాను."

పరిశోధన సీటు, తన ఉపన్యాసానికి ముగ్గురిని కూడా రప్పించలేకపోయిన గూడూరు లెక్చరరుకు దక్కింది.