నాయన తిథికి డ్రోన్

ఆ ఉదయం వెంకటేశప్ప వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పదకొండుకు నాయన తిథి, అంటే ఏటా పెట్టే తద్దినం, ముగించాలి. పన్నెండుకు కాకి ముద్ద ముట్టాలి. ఒంటిగంటకు భోజనం. నాలుగింటికి, ఇళ్ళకు సరుకులు చేరవేసే డ్రోన్ కంపెనీ తరఫున జనం అభిప్రాయాలు రాసుకోవడానికి చైత్ర అనే అమ్మాయి వస్తుంది. వీధిలో నలభై రెండు ఇళ్ళవాళ్ళు డ్రోన్లు వద్దని సంతకాలు పెట్టిన కాగితం ఆమె చేతిలో పెట్టాలి. అది రాసింది ఆయనే. "డ్రోన్ల మోతకు పక్షులు బెదిరి పారిపోవును" అన్న వాక్యాన్ని పదిసార్లు చదువుకుని మురిసిపోయాడు కూడా.

పక్షుల గురించి మాట్లాడే అర్హత ఆయనకు ఎంతుందో మారతహళ్ళిలో ఆ వీధికంతా తెలుసు. నాయన నాటిన నేరేడు చెట్టు కొట్టించి, ఆ జాగాలో అద్దెకిచ్చే పీజీ గదులు కట్టించింది ఈయనే. అప్పటినుంచి తిథినాడు ఆ మిద్దె మీద కాకి వాలలేదు. మూడేళ్ళుగా ముద్ద ఎండిపోతోంది, సాయంత్రం దాకా ఇంటిల్లిపాదీ పస్తు. నాయనకు తన మీద కోపం తీరలేదని వెంకటేశప్ప లోలోపల కుమిలిపోయేవాడు. పైకి మాత్రం తప్పంతా డ్రోన్లదే అనేవాడు, అవి వచ్చి ఆరు నెలలే అయినా.

అయ్యవారు తర్పణానికి నల్ల నువ్వులు అడిగారు. వాటిని ముందురోజు అంగడినుంచి స్వయంగా తెచ్చింది వెంకటేశప్పే, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి. నీళ్ళు తగలగానే దొన్నెలో గింజలు ఉబ్బి జిగురు కట్టాయి.

"ఇవి సబ్జా గింజలప్పా. తర్పణం వదిలేదా, షర్బత్ తాగేదా?" అన్నారు అయ్యవారు. "ఒంటిగంటకి నాకు హొసకోటెలో ఇంకో తిథి ఉండాది."

అంగడికి పోవాలంటే రింగు రోడ్డు దాటాలి. ఆ వేళప్పుడు దాటినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేం. కోడలు అర్చన ఫోను తీసింది.

"డ్రోన్‌లో తెప్పిస్తా మామా. పది నిమిషాల్లో వస్తాది."

"వద్దమ్మా. సంతకాలు పెట్టించినోడు నేనే కదా."

"అయితే మీ నాయనకి సబ్జాలే వదలండి," అంది భార్య అనసూయ.

వెంకటేశప్ప వీధి తలుపు మూశాడు. "సరే, తెప్పించు. ఎవురికీ కనపడకుండా దిగాల."

ఆ మాట డ్రోన్‌కు ఎవరు చెప్తారు? అనసూయ మూడేళ్ళ అనుభవం కొద్దీ ఈసారి వడ, అన్నం ముందే పిట్టగోడ మీద పెట్టేసింది, కాకి ఎప్పుడొచ్చినా సరేనని. ఆ పక్కనే నిలబడి వెంకటేశప్ప ఆకాశం చూస్తుండగా డ్రోన్ జుయ్యిమంటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదురు మిద్దె మీదికి చిక్కమునియప్ప బట్టలు ఆరేయడానికి వచ్చాడు. కాగితంలో మొదటి సంతకం ఆయనది.

డ్రోన్‌ను నీళ్ళ ట్యాంకు వెనక్కి మళ్ళిద్దామని వెంకటేశప్ప కండువా తీసి ఊపాడు. కింద మనిషి అడ్డున్నాడని అది ఇంకాస్త పైకి లేచి, అక్కడే తిరుగుతూ కీచుమని కూత పెట్టింది.

"ఏమప్పా, అది మీ ఇంటికే వచ్చిండాదా?" అని అడిగాడు చిక్కమునియప్ప.

"లేదప్పా, తరుముతా ఉండా."

చిక్కమునియప్ప ఆ మాట నమ్మాడు, అదే కొంప ముంచింది. వెంకటేశప్ప ఒంటరిగా పోరాడుతున్నాడని వీధినంతా కేకేసి, తనూ ఈ మిద్దె మీదికి పరుగెత్తుకొచ్చాడు. చీపుళ్ళతో, తువ్వాళ్ళతో జనం మిద్దె ఎక్కారు. ఒకాయన కంచం మోగించాడు. ఆ గోలకు పక్కనున్న ఫోన్ టవరు మీద గూళ్ళు పెట్టుకున్న కాకులన్నీ లేచి వచ్చి డ్రోన్ మీద పడ్డాయి. అది పొట్లాం జారవిడిచి పారిపోయింది.

పొట్లాం చిక్కమునియప్ప కాళ్ళ దగ్గర పడింది. ఆయన తీసి పైకి చదివాడు. "వెంకటేశప్ప. నల్ల నువ్వులు, వంద గ్రాములు."

లేచిన చీపుళ్ళన్నీ కిందికి దిగాయి. వెంకటేశప్పకు భూమిలోకి పోదామనిపించింది, కానీ కింద రెండంతస్తుల పీజీ ఉంది. అప్పుడు ఒక కాకి పిట్టగోడ మీద వాలింది. అటూ ఇటూ చూసి వడ ముక్కున కరుచుకుంది. వెనకాలే ఇంకోటి, ఇంకో నాలుగు. పరువు సంగతి మరిచిపోయి వెంకటేశప్ప చేతులు జోడించాడు. "నాయనా" అన్నాడు, కళ్ళనీళ్ళు ఆగలేదు.

గోల విని అర్చనతో పాటు పైకొచ్చిన అయ్యవారు గడియారం చూసుకున్నారు. "ముందు కాకి, తర్వాత నువ్వులు. ఈ ఏటికి ఇట్లే కానిద్దాంరా అప్పా."

చిక్కమునియప్ప పొట్లాం ఇచ్చి, అర్చన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మా అమ్మ తిథి కార్తీకంలో ఉండాదమ్మా. మా మిద్దెకీ కాకి రాక నాలుగేండ్లాయ. ఆ డ్రోన్ని పిలిపించేది ఎట్లా?"

నాలుగింటికి చైత్ర వచ్చేసరికి సంతకాల కాగితం ఇవ్వమన్నవాళ్ళు వీధిలో ఒక్కరూ లేరు. వెంకటేశప్ప ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని ఆమె ఇచ్చిన ఫారం మొత్తం చదివాడు. అందులో నేరేడు చెట్టు గురించి అడిగే గడి లేదు. డ్రోన్ వల్ల మీకు కలిగిన ప్రయోజనం ఏమిటి అన్నచోట మాత్రం పొందిగ్గా రాశాడు: "మా నాయన భోంచేశాడు."