బాకీ లేని మనిషి

ఆ ఆదివారం పొద్దున్న పళ్ళు తోముకుంటూ కాశీరావు ఒక నిర్ణయానికొచ్చాడు. మధ్యాహ్నం భోజనం వేళకల్లా తను ఈ లోకంలో ఎవరికీ పైసా బాకీ ఉండకూడదు. బాకీలు అంత ఘోరమైనవేం కావు. కింద వాటాలో కరిముల్లా కిరాణా కొట్టులో ఒక ఖాతా, కైకలూరు వైపు నుంచి చేపల బుట్టతో వచ్చే దానమ్మ దగ్గర ఒక పద్దు. అయినా ఆటోనగర్‌లో లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా ఇరవై ఏళ్ళు చేసినవాడికి, పటమటలో మూడో అంతస్తు అద్దెకుంటున్నవాడికి, ఎవరో వచ్చి తలుపు కొట్టి బాకీ అడగడం నామోషీగా ఉండేది.

ఆ ఖాతాలు కూడా తను పెట్టినవి కావు. భార్య రామతులసి పెట్టినవి. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పిల్లల్లేరు. ఆవిడ వెళ్ళిపోతూ ఇంట్లో వదిలిపెట్టిన వాటిలో ఇప్పటికీ ప్రాణంతో కదులుతున్నవి ఈ బాకీలేనన్న సంగతి కాశీరావుకి అప్పటికింకా తట్టలేదు.

తట్టింది వేరే సంగతి. ఆఫీసులో మణికుమార్ అనే కుర్ర అకౌంటెంటు అతనిచేత ఒక ఫారం మీద సంతకం పెట్టించాడు. నెల తిరక్కుండా క్రెడిట్ కార్డు ఇంటికొచ్చింది. 2005లో బ్యాంకులు కార్డులు పెళ్ళి శుభలేఖల్లా పంచుతున్నాయి. "చిల్లర బాకీలన్నీ దీంతో తీర్చిపారెయ్యండి బాబాయ్. ఇంక మీ తలుపు ఎవడూ కొట్టడు," అని మణికుమార్ హామీ ఇచ్చాడు. ఆ హామీ మాత్రం అక్షరాలా నిజమైంది.

బెంజ్ సర్కిల్ దగ్గర మిషన్లో కార్డు పెట్టి డబ్బు తీసుకుని, కాశీరావు ముందు కరిముల్లా కొట్టుకి వెళ్ళాడు. మొత్తం లెక్క చెప్పమన్నాడు. కరిముల్లా తూకం ఆపేశాడు.

"ఏమైంది కాశీరావుగారూ? కందిపప్పులో రాళ్ళొచ్చాయా?"

"అబ్బే, లేదు భాయ్."

"మరి మా ఇంట్లోవాళ్ళెవరైనా నోరు జారారా?"

"ఎవరూ ఏమీ అన్లేదు. తీర్చేద్దామని, అంతే."

"నెలనెలా కాస్త కాస్త ఇస్తూనే ఉన్నారు కదా. ఇప్పుడేం తొందరొచ్చిందని?" అంటూనే కరిముల్లా డబ్బు పుచ్చుకున్నాడు. పుచ్చుకుని, పద్దు కొట్టేసి, మళ్ళీ తూకంలో పడ్డాడు. మామూలుగా ఇచ్చే రెండు యాలక్కాయలు ఆ రోజు ఇవ్వలేదు.

దానమ్మ లెక్క తలుపు చట్రం మీద ఉండేది. చేప అరువిచ్చినప్పుడల్లా బొగ్గుతో ఒక గీత. డబ్బిచ్చినప్పుడల్లా కొన్ని చెరిగేవి, మళ్ళీ కొన్ని పడేవి. అవి మొత్తం చెరిగిన రోజు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

"ఊరు మారిపోతన్నారా బాబుగారూ?" అంది దానమ్మ నోట్లు చూసి.

"లేదు దానమ్మా."

"మరి రెండో పెళ్ళా?"

"ఛఛ! అదేం మాట?"

"మరెందుకిత్తన్నారు?" అని అడిగి, తడిచెయ్యి చీరకి తుడుచుకుని, ఆ చేత్తోనే గీతలన్నీ ఒక్క ఊపున చెరిపేసింది. "పోనీలెండి. మూడు మేడలెక్కే బాధ తప్పింది నాకు. చేప కావాలంటే మీరే కిందకి దిగండి."

కాశీరావు తలుపేసుకుని భోంచేశాడు. మధ్యాహ్నం కంటినిండా నిద్రపోయాడు.

మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. గురువారం దానమ్మ కేక వీధిలో వినబడింది గానీ మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడలేదు. ఒకటో తారీఖున కరిముల్లా పైకి రాలేదు. వచ్చినప్పుడల్లా వరండాలో కూర్చుని, మోకాళ్ళ నొప్పులూ, పెద్దకూతురు అఫ్సా పురుడూ, ఉల్లిపాయల ధరా అన్నీ మాట్లాడి, లేచేముందు మొహమాటంగా బాకీ సంగతి కదిపేవాడు. ఇప్పుడు కదపడానికి బాకీ లేదు కనుక మోకాళ్ళ నొప్పుల మాటా లేదు.

తనే కిందకి దిగి పలకరించవచ్చు. కానీ కాశీరావు పని లేకుండా ఎవరి గుమ్మమూ తొక్కి ఎరగడు. పలకరింపులన్నీ రామతులసి చూసుకునేది. ఆయన పక్కన నిలబడి తలాడించేవాడు.

కార్డు ఉంది కదా అని బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ సూపర్ బజారుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ చేపని కూడా ప్లాస్టిక్‌లో చుట్టి ఐసులో పెట్టారు. కౌంటర్లో అమ్మాయి కార్డు గీసి, చీటీ ఇచ్చి, సంతకం పెట్టించుకుంది. తలెత్తలేదు. "ఇంత చిన్న చేప ఎవరికండీ, మీ ఒక్కరికేనా?" అని అడగలేదు. దానమ్మయితే అడిగేది. అడిగి, ఇంకోటి అంటగట్టేది.

ఆ ప్లాస్టిక్ సంచీతో మెట్లెక్కుతుంటే కింద అరుగు మీద దానమ్మ ఉంది. సంచీలోంచి చేప తోక కనబడుతోంది. ఆవిడ తోకని చూసింది, కాశీరావుని చూసింది, బుట్ట మీద గోనెపట్టా లాగింది. వెనక నుంచి కరిముల్లా గొంతు వినిపించింది. "ఇప్పుడర్థమైందా దానమ్మా, లెక్కెందుకు తేల్చేశారో? పెద్దోళ్ళయిపోయారు." కాశీరావు వెనక్కి తిరిగి ఏదో చెప్పాలనుకున్నాడు. సంచీ ముందుకి మార్చుకుని పైకెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. కుక్కర్ కూత వేస్తే, ఎవరో పిలిచినట్టు "ఆఁ వస్తున్నా" అన్నాడు. అని, తన గొంతు తనకే కొత్తగా తోచి, స్టౌ ఆపేశాడు. ఒంటరితనం అంటే ఏమిటో ఆయనకి రామతులసి పోయిన రోజు తెలియలేదు. ఇంటినిండా జనం ఉన్నారప్పుడు. ఇప్పుడు తెలిసింది.

కార్డు బిల్లొచ్చింది. కట్టడానికి కష్టమేం లేదు. అద్దె దగ్గర్నుంచి అన్నీ కార్డు మీదే గడుపుతున్నాడు కనుక ఆఫీసులో ఇచ్చిన జీతం కవరు విప్పకుండా బీరువాలోనే ఉంది. రేపు కడదాం, ఎల్లుండి కడదాం అనుకుంటుండగా గడువు దాటింది. ఒక సాయంత్రం ఫోను మోగింది.

"కాశీరావుగారేనాండీ మాట్లాడేది? నేను తిరుమలనండీ, బ్యాంకు తరఫున. ఎలా ఉన్నారు సర్?"

అది ఆ అమ్మాయికి కాగితం మీద రాసిచ్చిన ప్రశ్న అని కాశీరావుకి తెలియదు. ఎలా ఉన్నాడో చెప్పడం మొదలుపెట్టాడు. నడుం నొప్పి దగ్గర్నుంచి నీళ్ళ మోటారు రిపేరు దాకా చెప్పాడు.

"అయ్యో. సర్, మరి పేమెంట్ ఎప్పుడు చేస్తారు సర్?"

"ఎల్లుండి కడతానమ్మా. నీదే ఊరు?"

"చల్లపల్లి సర్. ఎల్లుండి మళ్ళీ చేస్తాను సర్."

మళ్ళీ చేస్తుందట! కాశీరావు చేతిలోకి తీసుకున్న జీతం కవరుని తిరిగి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ తర్వాత తిరుమల ఫోను వేళకి కాశీరావు కాఫీ కలుపుకుని, కుర్చీ లాక్కుని సిద్ధంగా కూర్చునేవాడు. కట్టనని ఒక్కసారీ అనలేదు. అంటే ఆ అమ్మాయికి కోపం రావచ్చు. కడతానన్నాడు, రేపన్నాడు. ఒకసారి జలుబన్నాడు, ఒకసారి వండిన చేప పిల్లి ఎత్తుకుపోయి మనసు బాగాలేదన్నాడు. ఆ అమ్మాయి అన్నిటినీ ఓపిగ్గా రాసుకుంది. రాసుకున్నవన్నీ పైవాళ్ళు చదివి, ఈ మనిషి తిండికి కూడా లేక, జబ్బుపడి, ఏ క్షణాన్నైనా పారిపోయేలా ఉన్నాడని తేల్చారు. వడ్డీ, లేటు ఫీజు, వాటి మీద వడ్డీ కలుపుకుంటూ ఫైలుని వసూళ్ళ ఏజెంటుకి పంపారు.

ఆ ఏజెంటు నాగబాబు. మైలవరం వాడు. నిలువెత్తు మనిషి, పెద్ద మీసం, చప్పుడు చేసే మోటారు సైకిలు. మెట్లు అదిరేలా ఎక్కి, తలుపు బాది, లోపలికొచ్చి నడిగదిలో నిలబడ్డాడు.

"డబ్బు కట్టేదాకా ఇక్కడ్నించి కదలను!"

"కూర్చోండి బాబూ," అన్నాడు కాశీరావు కుర్చీ దులిపి.

"పొద్దుగూకినా లేవను!"

"మంచిది. వంకాయ తింటారా?"

నాగబాబు మీసం మీది చెయ్యి తీసేశాడు. ఈ ఉద్యోగంలో అతని మొహం మీద తలుపులేశారు, కుక్కల్ని వదిలారు, బాత్‌రూములో దాక్కున్నారు. వంకాయ మాటెత్తినవాళ్ళు లేరు. బస్టాండు దగ్గర మెస్సులో తిని తిని నాలుక మొద్దుబారినవాడు కావడంతో కూర్చున్నాడు. తిన్నాడు. వెళ్ళేటప్పుడు గుర్తొచ్చి, "కార్డు బాకీకి మళ్ళీ వస్తా, జాగ్రత్త!" అని గుమ్మంలో కేకేసి మరీ వెళ్ళాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. భోజనాల వేళకే వచ్చేవాడు.

కింద కొట్టులో వాళ్ళకి వినబడింది ఆ కేక ఒక్కటే.

"ఎవడో మీసాలోడు కాశీరావుగారి మీద పడ్డాడు. కార్డు బాకీ అంట," అన్నాడు కరిముల్లా.

"మనకెందుకు? పెద్దోళ్ళ బాకీలు," అంది దానమ్మ. అంది గానీ, ఆ రోజు నుంచి అరుగు మీద కూర్చునే చోటు మార్చి, మెట్లు కనబడే వైపు కూర్చుంది.

ఒక ఆదివారం నాగబాబు సూపర్ బజారు చేపని చూసి పెదవి విరిచాడు. దీనికి పొడి మసాలా చాలదు, అల్లం వెల్లుల్లి దంచి వెయ్యాలన్నాడు. చొక్కా విప్పి, లుంగీ కట్టుకుని, వంటింట్లో రోలు ముందు చతికిలబడి రోకలెత్తాడు. కాశీరావు పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. మనిషికి తగ్గట్టే ఉంది దంచుడు. మూడో అంతస్తు నుంచి కింద పచారీ డబ్బాల దాకా అదిరింది. ధన్, ధన్, ధన్. మధ్యలో కాశీరావు గొంతు, "చాలు బాబూ, చాలు!"

"చంపేత్తన్నాడు!" అంది దానమ్మ.

చేపలు కోసే కత్తి పట్టుకుని ఆవిడ ముందు, తూకం రాయి పట్టుకుని కరిముల్లా వెనక. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. తలుపు తోసేసరికి కనబడిన దృశ్యం ఇది. ఒంటి మీద చొక్కా లేని మీసాలవాడు రోకలెత్తి ఉన్నాడు. కాశీరావు నేల మీద కూలబడి ఉన్నాడు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"దించరా రోకలి! మా బాబుగారి మీద చెయ్యేత్తావా?"

"మసాలా అమ్మా! మసాలా!" అని నాగబాబు గోడకి కరుచుకుపోయాడు.

"నోర్ముయ్! ఎంత నీ బాకీ?"

నాగబాబు అంకె చెప్పాడు. చేపల లెక్కల్లో అంత అంకె దానమ్మ ఎప్పుడూ వినలేదు. అయినా కత్తి ఎడంచేతికి మార్చుకుని, రొంటిన ఉన్న సంచీ తీసి నేల మీద గుమ్మరించింది. తడి నోట్లు, చేప వాసన వేసే పది రూపాయల నోట్లు. "ఇది తీసుకో. మిగతాది ఈ భాయ్ ఇత్తాడు," అంది. కరిముల్లా ఒక్కక్షణం ఆలోచించలేదు. "గల్లా పెట్టె తెస్తా," అని మెట్ల వైపు తిరిగాడు.

కాశీరావు అప్పుడు లేచాడు. ఆ తడి నోట్లని చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. దాస్తే అందరూ ఇలాగే ఉంటారు, పైకి వస్తూనే ఉంటారు. చెబితే మళ్ళీ ఎప్పటికీ రారేమో. బీరువా దగ్గరికెళ్ళి తాళం తీశాడు. విప్పని జీతం కవర్లు వరుసగా పేర్చి ఉన్నాయి.

 స్టౌ మీద నూనె ఒక్కటే చిటపటలాడుతోంది.

"ఇంత పెట్టుకుని," అన్నాడు కరిముల్లా మెల్లగా, "వాడిచేత ఎందుకు మాటలు పడ్డారండీ?"

"కట్టేస్తే ఇతను రాడు కదా భాయ్," అన్నాడు కాశీరావు. ఉల్లిపాయలు అవతలే ఉన్నాయి గానీ కళ్ళు మళ్ళీ తడిశాయి. "ఆ ఫోను చేసే పిల్లా చెయ్యదు. మీ లెక్కలు తేల్చాక మీరు రాలేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. నాకు చాలా దిగులుగా ఉంది దానమ్మా."

"మీరే మొహాన కొట్టినట్టు ఇచ్చేశారు కదయ్యా! ఇంక రావొద్దంటన్నారని మేవనుకున్నాం," అంది దానమ్మ.  గిన్నెలోకి తొంగిచూసి, ఉన్న కోపమంతా దాని మీద చూపించింది. "ఐసు చేప! దీనికా ఇంత దంచుడు? పిల్లి కూడా ముట్టదు దీన్ని!"

నేల మీది తన నోట్లు సంచీలో వేసుకుని, చరచరా కిందకి దిగి, ఒక కొర్రమీనుతో పైకొచ్చింది. కాశీరావు జేబులో చెయ్యి పెట్టబోతే కత్తి చూపించింది. "తియ్యకండి. గురారం వచ్చి అడుగుతా." సంచీలోంచి చిన్న బొగ్గుముక్క తీసి, తలుపు చట్రం మీద పొడుగ్గా ఒక గీత గీసింది.  కరిముల్లా చొక్కా జేబులోంచి రెండు యాలక్కాయలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి ఖాతాలో రాస్తాను. ఒకటో తారీఖున వస్తా," అన్నాడు.

నాగబాబు చొక్కా తొడుక్కుని, కవర్లు విప్పి డబ్బు లెక్కపెట్టాడు. సరిగ్గా సరిపోయింది. వసూలు చేసినందుకు సంతోషించాల్సిన మనిషి మొహం వేలాడేసుకున్నాడు.

"కేసు క్లోజైపోయినట్టే సార్. ఇంక నేను ఇటువైపు రావడానికుండదు," అన్నాడు, చేప ముక్కలు కడుగుతున్న దానమ్మ వైపు చూస్తూ.

కాశీరావు నాగబాబు చేతిలోని నోట్ల కట్ట మీద నుంచి ఒక పది రూపాయల కాగితం తీసి తన జేబులో పెట్టుకున్నాడు.

బ్యాంకు రికార్డుల్లో కాశీరావు ఈనాటికీ మొండి బకాయిదారే.