మెట్ల కింద మూడు ఫ్యూజులు

ఆ ఆదివారం పొద్దున ఓంకార్ వేసుకున్న పథకంలో పొరపాటుకు ఎక్కడా తావు లేదు. మధ్యాహ్నం ఇంటి ఓనర్లు పిల్లప్ప, అక్కయమ్మ భోజనానికి వస్తారు. పులిహోర తింటారు. తిని సంతోషించి, నెలాఖరుతో ముగిసిపోయే అద్దె అగ్రిమెంటును ఇంకో పదకొండు నెలలు పొడిగిస్తారు. పులిహోరకు కావలసిన అన్నాన్ని మాత్రం ఒసాకా నుంచి వచ్చిన కుక్కర్ వండుతుంది. ఆఫీసు పని మీద జపాన్ వెళ్ళిన ఓంకార్ దాన్ని విమానంలో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అన్నం ఉడకగానే అది పాట పాడుతుందట.

భార్య వరూధినికి పాటతో పని లేదు, అగ్రిమెంటుతోనే పని. మారతహళ్ళిలో ఆఫీసుకు నడిచి వెళ్ళగలిగే ఇల్లు దొరకడమంటే ఏమిటో, రింగురోడ్డు మీద బస్సులో సగం జీవితం గడిపినవాళ్ళకే తెలుస్తుంది. పైగా కింద అక్కయమ్మ ఉంది. రాగిసంగటి చేసిన రోజు పైకి ఒక గిన్నె పంపకుండా ఆవిడ ముద్ద ముట్టదు. ఇక పిల్లప్పకు ఒకే ఒక్క పట్టింపు, కరెంటు. "చిన్న పాయింటులో పెద్ద వస్తువు పెట్టకూడదప్పా, వైరింగు కాలిపోతాది" అని వీళ్ళు చేరిన రోజే అరగంట పాఠం చెప్పాడు. అంతకుముందున్నవాళ్ళు ఇస్త్రీపెట్టెను చిన్న పాయింటులో పెట్టారని నెల తిరక్కుండా ఖాళీ చేయించిన మనిషి.

"దీని అడుగున వంద వోల్టులని ఉంది. మనకొచ్చేది రెండొందల ముప్ఫై కదా?" అంది వరూధిని కుక్కర్‌ను తిరగేసి చూసి.

"అందుకేగా అడాప్టర్! చూడు, వంద నుంచి రెండొందల నలభై దాకా అని దీని మీదే రాశారు. ఎక్కడైనా పనిచేస్తుంది."

"పనిచేసేది అడాప్టరా, కుక్కరా?"

"రెండూ ఒకటే వరూ. ఎయిర్‌పోర్టులో కొన్నాను. వాళ్ళు ఊరికే అమ్ముతారా?"

ఇద్దరూ ఇంజనీరింగే చదివారు. కాకపోతే చదివింది కంప్యూటర్లు. అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్నే కానీ వచ్చే కరెంటును కాదని చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేకపోయారు. ఓంకార్ స్విచ్ వేశాడు. కుక్కర్ వెంటనే పాట అందుకుంది. ఉడకకముందే పాడుతోందేమిటని అతను ఆశ్చర్యపోయేలోగా పాట మధ్యలో ఠప్పుమంది. మూత సందుల్లోంచి పొగ వచ్చింది. ఫ్యాన్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది.

"ఫ్యూజు పోయినట్టుంది. నిమిషంలో వేసేస్తా. అంకుల్‌కి మాత్రం తెలియకూడదు" అన్నాడు ఓంకార్ రబ్బరు చెప్పులు తొడుక్కుంటూ. వరూధిని కిటికీలు తెరిచి, పొగను పళ్ళెంతో విసిరి, వేరే బియ్యం కడిగి గ్యాస్ మీద పెట్టింది.

మెట్ల కింద బోర్డు మీద మూడు పింగాణీ ఫ్యూజులు వరసగా ఉన్నాయి. ఏది ఏ ఇంటిదో రాసి లేదు. ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తూ రోజూ సున్నా నుంచి లెక్కపెట్టే మనిషి ఇక్కడ మాత్రం ఒకటి నుంచి మొదలుపెట్టాడు. తమది మొదటి అంతస్తు కాబట్టి మొదటి ఫ్యూజు తమదేనని పీకేశాడు. నిజానికది కింది ఇంటిది, అంటే సాక్షాత్తూ పిల్లప్పది. చూస్తే అందులో తీగ చెక్కుచెదరలేదు. ఇదేం వింత అనుకుని, వరూధినికి చూపిద్దామని దాన్ని చొక్కా జేబులో వేసుకుని పైకొచ్చాడు.

వెనకే పిల్లప్ప వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"ఓంకారప్పా, మాకు కరెంటు పోయిండాది. మీకూ లేదా?"

ఓంకార్‌కు విషయం అప్పుడు అర్థమైంది. జేబులోని ఫ్యూజు ఉన్నట్టుండి బరువెక్కింది. "లేదంకుల్. ఏరియా మొత్తం పోయినట్టుంది."

"కాలిన వాసన వస్తా ఉండాదే. ఏమన్నా కాలిందా?"

"కుక్కర్..." అని నోరు జారాడు ఓంకార్.

"అయ్యో దేవుడా" అని పిల్లప్ప గుమ్మంలోనే చతికిలబడ్డాడు. తిట్టలేదు, పాఠం చెప్పలేదు. అది చూసి, ఇక ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని ఓంకార్ మనసులో సామాను సర్దడం మొదలుపెట్టాడు.

అంతలో రెండో అంతస్తులో అద్దెకుండే సమీనా తల నిండా నురుగుతో దిగింది. "అంకుల్, ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి! ప్లీజ్, మోటార్ వెయ్యండి. కళ్ళు మండిపోతున్నాయి!"

"కరెంటు లేదు కదమ్మా" అన్నాడు పిల్లప్ప నీరసంగా.

"మా ఇంట్లో ఫ్యాన్ తిరుగుతోందే!"

ఆ మోటార్ పిల్లప్ప ఇంటి కరెంటు మీదే నడుస్తుంది. మాటలు విని అక్కయమ్మ కూడా మెట్లెక్కి వచ్చింది. "ఎదురింట్లో టీవీ మోగతా ఉండాది. పోయిండేది మనకే. ఉండు, లైన్‌మన్ రమేశ్‌కు ఫోన్ చేస్తా."

"వద్దు!" అని మగవాళ్ళిద్దరూ ఒక్కసారే అరిచారు.

"ఆదివారం పూట ఆయన్నెందుకు శ్రమ పెట్టడం ఆంటీ" అన్నాడు ఓంకార్.

"అవునప్పా, పాపం, పిల్లలుగలవాడు" అన్నాడు పిల్లప్ప. ఇద్దరూ ఒకరినొకరు కృతజ్ఞతగా చూసుకున్నారు.

అక్కయమ్మ మాత్రం మొగుడి మోకాళ్ళ వైపు చూసింది. "పంచె ఎందుకు ఎగగట్టినావు? ఏం చేసినావు?"

పిల్లప్ప ఇక ఆపుకోలేకపోయాడు. "మన అమ్మాయి నేత్రావతి దుబాయి నుంచి పంపింది కదా, కాళ్ళు నొక్కే మిషను. దానికి మూడు లావు పిన్నులు ఉండాయి. అదేదో అడాప్టరంట, అది తగిలించి మంచం పక్క పాయింటులో పెట్టినా. కాళ్ళు పెట్టిన నిమిషానికి అంతా పోయింది."

"మంచం పక్కన ఉండేది చిన్న పాయింటు కదా?"

పిల్లప్ప తల వంచుకున్నాడు. "ఊరందరికీ పాఠం చెప్పేవాణ్ణి, నేనే చేసినా. నావల్ల పాపం వీళ్ళ కుక్కరు కూడా కాలిపోయిండాది. ఏమనుకోవద్దప్పా. పదకొండు నెలలు కాదు, ఎన్నాళ్ళుంటానంటే అన్నాళ్ళకు రాసిస్తా. కుక్కరూ కొనిస్తా."

పులిహోర తాలింపు కూడా పడకముందే ఓంకార్ కోరుకున్నదంతా చేతికొచ్చేసింది. చేయాల్సిందల్లా నోరు మూసుకుని ఉండటం. అతను ఆ పని చక్కగా చేస్తున్నాడు. కానీ వరూధిని గుమ్మంలో కూర్చున్న పెద్దాయన్ని చూసింది, మొగుడి జేబు ఎత్తుగా ఉండటమూ చూసింది. ఈ ఇల్లు ఆమెకు ఎంత ఇష్టమో ఆమెకే తెలుసు. అయినా ఆ వంగిన తలను చూస్తూ ఊరుకోలేకపోయింది.

"ఓంకార్, జేబులో ఏముంది?"

ఫ్యూజు పిల్లప్ప చేతికి చేరింది. "మీ మిషన్ ఏమీ చెయ్యలేదంకుల్. ఇది మీ ఫ్యూజే. మాదనుకుని నేనే పీకాను. కుక్కర్‌ని కాల్చిందీ నేనే."

పిల్లప్ప ఫ్యూజును అటూ ఇటూ తిప్పి చూశాడు. అందరూ అరుపు కోసం ఎదురుచూశారు.

"అయితే నా మిషను బాగానే ఉండాదా?"

జవాబు కోసం ఆగకుండా, ఆ వయసులో దిగకూడని వేగంతో మెట్లు దిగాడు. కాసేపటికి కింద మోటార్ మోగింది. నీళ్ళొచ్చాయని పైన సమీనా కేక వేసింది. దుబాయి కరెంటూ మన కరెంటూ ఇంచుమించు ఒకటే కాబట్టి, మంచం పక్క నుంచి గుర్రుమనే చప్పుడూ, దాని వెంట హాయిగా ఒక నిట్టూర్పూ వినిపించాయి. ఓంకార్ ఇంటి ఫ్యూజుకు తీగ వరూధిని చుట్టింది.

గ్యాస్ మీద ఉడికిన అన్నంతో చేసిన పులిహోరను పిల్లప్ప మారు అడిగి మరీ తిన్నాడు. "మాటంటే మాటేనప్పా, మీరు ఉండండి. కుక్కరు మాత్రం కొనివ్వను" అని నవ్వాడు. జపాన్ కుక్కర్‌లో ఇప్పుడు చింతపండు నిలవ ఉంటోంది.

కొత్త అగ్రిమెంటు మీద సంతకాలయ్యాయి. అక్కయమ్మ మాట మీద మెట్ల కింది బోర్డుకు తాళం పడింది. దానికి రెండు తాళంచెవులు. ఒకటి ఆవిడ కొంగుకు ఉంటుంది, రెండోది వరూధిని దగ్గర.