మ్యూట్ అనగా అంగీకారం

మాట్లాడే హక్కు పౌరులందరికీ సమానంగా ఉంది. దాని మీట మాత్రం, క్రమశిక్షణ దృష్ట్యా, ఆఫీసులో ఉంటుంది.

ఈ సంగతి తెలియక, వీధి మలుపులో బట్టలు కుట్టే దర్జీ అక్క మూడు రోజులు కూర్చుని మాటలు కూడబెట్టుకుంది. రోడ్డు వెడల్పు చేస్తే ఆమె ముందుగది పోతుందని నోటీసు వచ్చింది మరి. కుట్టుమిషను ఆ గదిలోనే, ఇరవై ఏళ్ల బతుకూ ఆ గదిలోనే. అభ్యంతరాలున్నవాళ్లు యాప్‌లో విచారణకు హాజరు కావాలన్నారు (మనుషులు నేరుగా వస్తే విచారణకు ఇబ్బందట). మేనకోడలు ఫోనును దారపుకండెల డబ్బాకు ఆనించి పెట్టింది. అక్క నాలుగు నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. టేపుతో తానే కొలిచానంది, రోడ్డు అవతలి పక్క ఖాళీ జాగా పడి ఉందంది. చివరికి ఏడ్చేసింది.

విచారణాధికారి టీ గుక్క మింగి, "మీరు మ్యూట్‌లో ఉన్నారమ్మా" అన్నాడు. అక్క ఫోనంతా నొక్కింది. ఆ మ్యూట్ తీయాల్సింది ఆయనేనని మేనకోడలు కనిపెట్టేసరికి సమయం అయిపోయింది.

వారానికి ఉత్తర్వు వచ్చింది: అభ్యంతరదారు మ్యూట్, కనుక సమ్మతి.

అక్క ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తింది. గుమాస్తా మర్యాదగా కుర్చీ చూపించి, అర్థాల సర్క్యులరు తీశాడు. ఆ ఇంగ్లీషు మాటకు ఆఫీసు మూడర్థాలు ఖాయం చేసిందట: మాట రాని మనిషి, మాట్లాడని మనిషి, ఎదురుచెప్పని మనిషి. (నోరు నొక్కేయబడిన మనిషి అనే నాలుగో అర్థం పరిశీలనలో ఉంది.) తాను మాట్లాడానని అక్క మొత్తుకుంటే, వీడియో వేసి చూపించాడు. అందులో అక్క చేతులూపుతోంది, ఏడుస్తోంది. చప్పుడు లేదు. ఏ అర్థం కిందకొస్తుందో డాక్టరు చేత రాయించుకు రమ్మన్నాడు.

డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, మాట నిక్షేపంలా ఉందని రాసిచ్చాడు. అది చూసి గుమాస్తా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. మాట వచ్చి కూడా మాట్లాడలేదంటే ఇష్టపడి ఒప్పుకున్నట్టేనని, ఫైలు మూసేశాడు.

గోడ కొట్టే యంత్రం వచ్చిన రోజు అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. వీధి వీధంతా బయటికొచ్చింది. జీపులోంచి దిగిన విచారణాధికారి నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఇంత గొంతు పెట్టుకుని, అడిగిన రోజున నోరెందుకు మెదపలేదమ్మా?"